సేమియా కిలో, చక్కెర రెండు కిలోలు



హక్కులను గురించి మాట్లాడవలసిన వేదిక మీద చక్కెర ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. 2015లో మన రాష్ట్ర ప్రభుత్వం రంజాన్ తోఫా పేరిట పేద ముస్లిం కుటుంబాలకు ఒక సంచి ఇవ్వడం ప్రారంభించింది. అందులో 5 కిలోల గోధుమపిండి, కిలో సేమియా, 2 కిలోల చక్కెర, కొంత నెయ్యి ఉండేవి. పేదవాని ఇంట షీర్ ఖుర్మా ఉడకాలన్న ఆలోచనను మేము తప్పుపట్టడం లేదు. కాని సేమియాకు రెట్టింపు చక్కెర కావాలని లెక్కగట్టిన వారికి ముస్లిం అనగానే తీపి గుర్తుకు వచ్చింది. ఆ ఇంట్లో చేయించవలసిన రక్తపరీక్ష గుర్తుకు రాలేదు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరి 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. చక్కెర ఒక్కటే ఇందుకు కారణం కాదు. వంశం, బరువు, నడక లేని బ్రతుకు, మూడు పూటలా తెల్లన్నం, ఇవన్నీ ఉన్నాయి. కర్నూలు, కడప మెట్ట పొలాల్లో పండిన జొన్న, కొర్ర మన తాతల భోజనం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, అది గొప్ప మేలు. జొన్నరొట్టె మాత్రం పళ్లెంలో వెనుకకు జరిగింది.

ఇక ఇంటి లెక్కకు వద్దాము. పెద్దవారు రోజుకు 50 గ్రాములకు మించి చక్కెర తీసుకోరాదని, వీలైతే 25 గ్రాములతో ఆపుకొనడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. నలుగురు పెద్దలున్న ఇంటికి 25 గ్రాముల చొప్పున నెలకు 3 కిలోలు. చాయ్, షర్బత్, బిస్కెట్, మిఠాయి అన్నీ అందులోనే! రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు చాయ్‌లు తాగిన మనిషికి 30 గ్రాములు దాటిపోతాయి. మగవారు హోటల్లో తాగేది ఇంటి డబ్బా లెక్కలోకి రాదు. అందువల్ల పొదుపు భారమంతా వంటింటి మీద మోపడం న్యాయం కాదని మా అభిప్రాయం.

బెల్లం వేస్తే దోషం లేదని, తేనె మందు వంటిదని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. రక్తంలో చేరిన తరువాత వాటికీ చక్కెరకూ చెప్పుకోదగిన తేడా లేదు. మన సీమ ఎండకు నన్నారి షర్బత్ ప్రాణం లేచి వచ్చేట్టు చేస్తుంది, నిజమే. గ్లాసులో పాకం సగానికి తగ్గించి, నిమ్మరసం, సబ్జా గింజలు పెంచి చూడండి. పిల్లలకు రుచి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. అతిథికి చక్కెర విడిగా ఇచ్చి, ఎంత కావాలో ఆయననే వేసుకొమ్మంటే మర్యాదకు లోటు రాదు.

రంజాన్‌లో జాగ్రత్త మరింత అవసరం. ఖర్జూరంతో, నీటితో ఉపవాసం విరమించడం ప్రవక్త (స) సంప్రదాయం. దాని వెంటనే షర్బత్, జిలేబీ, ఫిర్నీ వరుసగా పెట్టడం మన అలవాటే తప్ప సున్నత్ కాదు. తినండి, తాగండి, మితిమీరకండి అన్న భావం అల్ ఆరాఫ్ సూరాలో ఉన్నది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసాలకు నెల ముందే వైద్యుని కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. సొంతంగా మందు మానరాదు. పగలు చెమటలు పట్టి, చేతులు వణికితే చక్కెర పడిపోయిందని అనుమానించి వెంటనే ఉపవాసం విరమించాలి. రోగికి ధర్మం మినహాయింపు ఇచ్చింది.

30 ఏళ్లు దాటిన ప్రతివారికీ షుగరు, బీపీ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జరగాలి. ఇది ఎవరో పంచే తోఫా కాదు, జాతీయ కార్యక్రమంలో ఉన్న సదుపాయం. బయటకు రావడానికి సంకోచించే మన అమ్మలు, నానీలు దానికి దూరంగా ఉండిపోతున్నారు. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు కలిసి ఆరోగ్య కేంద్రానికి ఒక అర్జీ వ్రాయాలి: మొహల్లాలోనే ఏఎన్ఎం చేత పరీక్షలు జరిపించాలని, ఆడవారికి వేరే సమయం కేటాయించాలని, రేషన్‌లో జొన్నలు, కొర్రలు కూడా ఇవ్వాలని. రంజాన్‌కు నెల ముందే ఆ అర్జీ అందితే, మందులు సరిచేసుకొనడానికి రోగులకు వ్యవధి మిగులుతుంది.