చెంచాకు గుర్తింపు ఉంది, చెక్కిన చేతికి ఉందా?

(జనాభా గణనపై జరిగిన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక చిన్న ఊరి భూగోళాన్ని గురించి, జనాభాను గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. పాఠ్యపుస్తకాలలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు. ఊళ్లో మాత్రం నేలనూ మనుషులనూ విడదీసి చూడలేము. అందుకు ఉదయగిరిని ఉదాహరణగా తీసుకుంటున్నాము.

నెల్లూరు అనగానే పెన్నా డెల్టాలోని వరిచేలు గుర్తుకు వస్తాయి. ఉదయగిరి ఆ నెల్లూరు కాదు. జిల్లా కేంద్రానికి వాయవ్యంగా, సుమారు వంద కిలోమీటర్ల దూరాన, తూర్పు కనుమల అంచున ఉన్న మెట్ట ప్రాంతమిది. ఊరికి పెద్దదిక్కులా నిలిచిన దుర్గం ఎత్తు 3,079 అడుగులు. ఆ ఎత్తే దానికి చరిత్రను తెచ్చిపెట్టింది. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. తరువాత ఇది గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలోకి వచ్చింది. కొండమీది మసీదు, పర్షియన్ శాసనాలు ఆనాటి జ్ఞాపకాలు.

రాజులు పోయారు, కొండ మిగిలింది. ఆ కొండ ఇచ్చిన కర్రతో బ్రతుకుతున్న జనం మిగిలారు. చుట్టుపక్కల అడవిలో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రలతో ఇక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతున్నాయి. ఈ పనిలో స్త్రీల పాలు చాలా ఎక్కువ. ఉదయగిరి చెక్క వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే ఆ చెంచా ఏ ఊరిదో ప్రభుత్వ పత్రంలో నమోదైంది. మరి దానిని చెక్కిన తల్లి ఏ పట్టికలో నమోదైంది? ఈనాడు మేము అడగదలచిన ప్రశ్న ఇదే.

గణకుడు ఇంటికి వస్తాడు. "మీ ఇంటావిడ ఏం పని చేస్తారు?" అని ఇంటి యజమానిని అడుగుతాడు. "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని సమాధానం వస్తుంది. ఆ సమయానికి ఆమె చేతిలో సగం చెక్కిన గరిటె ఉంటుంది. ఆ ఒక్క మాటతో ఆమె పనిచేయనివారి జాబితాలో చేరిపోతుంది. ఇందులో అబద్ధమాడాలని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో చేసే పనిని పనిగా చూడని అలవాటే అలా పలికించింది.

గణన నియమం అలా చెప్పదు. కుటుంబ వృత్తిలో కూలి తీసుకోకుండా సాయపడినా అది పనే. ఏడాదిలో 6 నెలలు, అంతకు మించి పనిచేస్తే ప్రధాన శ్రామికులు, తక్కువైతే ఉపాంత శ్రామికులు. 2011 గణనలో సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇతరులతోపాటు గృహ పరిశ్రమకు ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. పనిచేసే ముస్లిం స్త్రీలలో దాదాపు 70 శాతం ఇంటివద్దనే పని చేస్తున్నారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఇంటి గడప లోపల ఇంత శ్రమ జరుగుతుండగా, మన నోటితో మనమే దానిని చెరిపివేయడం తగునా?

రెండవ విషయం భూగోళానికి సంబంధించినది. గ్రామాలవారీ జనాభా పట్టికలో కుటుంబాలు, అక్షరాస్యులు, శ్రామికులు, షెడ్యూల్డ్ కులాలు, తెగల సంఖ్యలు ఉంటాయి. మతాలవారీ వివరాలు మాత్రం మండలం, పట్టణం స్థాయి వరకే ప్రచురితమయ్యాయి. గ్రామంగా లెక్కకెక్కిన ఊరిలో ముస్లింలు ఎందరో, వారి బాలికలలో చదువుకున్నవారెందరో ఆ పుస్తకం చెప్పదు. ఉర్దూ పాఠశాల కోసమో, ఖబరస్తాన్ స్థలం కోసమో అర్జీ పెట్టినప్పుడు చూపించడానికి అంకె దొరకదు.

పథకాలకూ ఇదే చిక్కు. అల్పసంఖ్యాకుల కోసం 2008లో మొదలైన బహుళ రంగాల అభివృద్ధి కార్యక్రమం తొలుత 90 జిల్లాలను ఎంచుకొంది. తరువాత బ్లాకును ప్రమాణంగా తీసుకొని సాధారణంగా 25 శాతం మైనారిటీ జనాభా ఉండాలన్నారు. ఒక ఊరిలో మనవారు సగం ఉన్నా, మండలమంతా కలిపి చూస్తే ఆ శాతం పల్చబడిపోతుంది. గీత ఎక్కడ గీశారన్నదానిని బట్టి మనం కనిపిస్తాము, లేదా మాయమవుతాము.

రాబోయే గణనకు 2027 మార్చి 1 ప్రాతిపదిక. ఈసారి కులాన్నీ లెక్కించనున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకులవారు బీసీ-బీలో, 2007 చట్టం ప్రకారం మరి కొన్ని ముస్లిం వర్గాలు బీసీ-ఈలో ఉన్నాయి. ఎవరి వర్గం పేరు వారు తడబడకుండా చెప్పాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు ఉర్దూ అని, తెలుగు మాట్లాడేవారు తెలుగు అని చెప్పాలి. ఉన్నది ఉన్నట్లు చెప్పడమే మన బలం.

పత్రాల పేరు వింటేనే కొందరిలో భయం కలుగుతున్నదని మాకు తెలుసు. ఆ భయాన్ని చులకన చేయము. అయితే 1948 జనాభా గణన చట్టంలోని 15వ సెక్షన్ వ్యక్తిగత వివరాలను గోప్యంగా ఉంచాలంటున్నది. వాటిని న్యాయస్థానంలో సాక్ష్యంగా వాడరాదనీ చెబుతున్నది. ఈ మాటను ప్రతి గడపకూ చేర్చవలసిన బాధ్యత కార్యకర్తలది.

మరొక పని మన చేతిలోనే ఉంది. ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలో ఒక పుస్తకం తెరవాలి. ఎన్ని కుటుంబాలు, ఏ వృత్తులు, బడి మానిన పిల్లలెందరు, పింఛను అందని వితంతువులెందరు అన్నది ఇష్టపూర్వకంగా చెప్పినవారి నుండి రాసుకోవాలి. ఆ పుస్తకం ప్రభుత్వ లెక్కకు బదులు కాదు. ప్రభుత్వాన్ని అడిగేనాడు మన చేతిలో ఉండవలసిన ఆధారం.

తల్లులకు చివరిగా ఒక మనవి. గణకుడు వచ్చినప్పుడు తలుపు వెనుక నిలబడవద్దు. చేతిలోని గరిటెను చూపించి, "ఇది నా పని" అని మీ నోటితో మీరే చెప్పండి.