ఇన్సులిన్ సీసా మీది లేబుల్

నా చేతిలోని ఈ చిన్న గాజు సీసాలో ఉన్నది ఇన్సులిన్. 51 అమైనో ఆమ్లాలతో తయారైన పెప్టైడు. మింగితే ఆహారంతో పాటే అరిగిపోతుంది కనుక సూదిమందుగా ఇస్తారు.

లేబుల్ మీద మందు పేరు అందరూ చదువుతారు. పక్కనే ఉన్న "40 ఐ.యు./ఎం.ఎల్." అన్నది చాలామంది వదిలేస్తారు. ఐ.యు. అంటే అంతర్జాతీయ యూనిట్. అది మందు చేసే పనికి కొలత, ద్రవానికి కాదు. మన దేశంలో 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్ల సీసాలూ రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూత సిరంజి వాడాలి.

కోల్‌కతాలో మా పై అంతస్తులో ఒక బెంగాలీ పెద్దాయన ఉంటారు. ఒకసారి వాళ్లింట్లో సీసా మారింది, సిరంజి మారలేదు. అలవాటు ప్రకారం 20 గీత వరకు మందు తీశారు. ఎర్ర మూత సిరంజిలో ఆ గీత దగ్గర ఉండేది అర ఎం.ఎల్. పాత సీసా మందైతే అందులో 20 యూనిట్లు, కొత్తదానిలో 50! కాసేపటికే చెమటలు, వణుకు, మాట తడబాటు. స్పృహ ఉంది కాబట్టి ఆయన భార్య పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లగలిగారు. తారుమారు ఇంకోవైపు జరిగితే, అంటే 40 సీసాకు నారింజ మూత సిరంజి వాడితే, 20 గీత దగ్గర దక్కేది 8 యూనిట్లే.

పొడి రూపంలో వచ్చే పెప్టైడులతో మరో చిక్కుంది. ఇన్సులిన్ ఎక్కువై స్పృహ తప్పినవారికి ఇచ్చే గ్లూకగాన్ సీసా మీద 1 ఎం.జి. అని ఉంటుంది. అది సీసాలోని మొత్తం మందు. వెంట ఇచ్చిన 1 ఎం.ఎల్. ద్రవం కలిపితేనే ఎం.ఎల్.కు 1 ఎం.జి. అవుతుంది. రెండు ఎం.ఎల్. కలిపితే గాఢత సగమే.

ఇంతకీ లేబుల్‌ను నమ్మగలుగుతున్నామంటే అందులో మా ఊరికీ భాగముంది. ఇక్కడి స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ ఆచార్యులు రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన 1930లో ఔషధ విచారణ సంఘం ఏర్పడింది. కల్తీ, నాసి మందుల మీద అది 1931లో నివేదిక ఇచ్చింది. తర్వాతే 1940 నాటి ఔషధాల చట్టం, 1945 నాటి నిబంధనలు వచ్చాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ముద్రించడం కంపెనీల దయ కాదు, చట్టం.

ఆ గడువు తేదీ కూడా తెరవని సీసాకే. తెరిచాక చాలా రకాల ఇన్సులిన్‌కు నాలుగు వారాలే. కచ్చితమైన గడువు పెట్టెలోని కాగితంలో ఉంటుంది. తెరిచిన రోజు తేదీ పెన్నుతో సీసా మీద రాసుకోండి. మా పై అంతస్తులో ఇప్పుడు అలాగే రాస్తున్నారు. 100 సీసా, నారింజ మూత సిరంజిలు ఒకే డబ్బాలో ఉంటున్నాయి.