అన్‌ఫెయిర్లీ అంటే ఒట్టి అన్యాయమేనా?

ఈ వారం మన మాట "అన్‌ఫెయిర్లీ".

నిఘంటువు తీస్తే "అన్యాయంగా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. కానీ మన తెలుగు అన్యాయం చాలా పెద్దది సుమండీ! చెట్టంత కొడుకు జబ్బు చేసి పోతే "పాపం, అన్యాయంగా పోయాడు" అంటాం. అక్కడ తప్పు ఎవరిదీ కాదు, తలరాతను తిట్టుకుంటున్నాం, అంతే. అదే మాట "హీ డైడ్ అన్‌ఫెయిర్లీ" అంటే ఇంగ్లీషువాళ్ళు తికమకపడతారు. అన్‌ఫెయిర్లీ వెనక సాధారణంగా ఎవరో ఒకరుండాలి. మార్కులు వేసిన మేష్టారో, జట్టును ఎంచిన కోచో, జీతం నిర్ణయించిన యజమానో.

పెళ్ళి ప్రకటనల్లో "ఫెయిర్" అంటే తెల్లని రంగని చదువుకుంటూ పెరిగాం మనం. ఈ మాటకు ఆ రంగుతో పని లేదు లెండి.

ఆటల్లో అయితే మనకు ఇంకా మంచి మాటే ఉంది, తొండి. "ఇట్స్ నాట్ ఫెయిర్" అని మీ పాప ఆటలో కాళ్ళు నేలకేసి కొడితే, "తొండి చేశాడా?" అని అడిగి చూడండి. అన్యాయం అన్న మాటకంటే ఇది తొందరగా పట్టుబడుతుంది.

ఇక మనకు ఇక్కడ బ్రిటన్‌లో బాగా అవసరమయ్యే చోటు ఉద్యోగం. "అన్‌ఫెయిర్లీ డిస్మిస్డ్", "రాంగ్‌ఫుల్లీ డిస్మిస్డ్". తెలుగులో రెండూ "అన్యాయంగా తీసేశారు" అనే అవుతాయి. చట్టం దృష్టిలో మాత్రం వేరు. ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా, అంటే ఒప్పందం తప్పి పంపేస్తే సాధారణంగా అది రాంగ్‌ఫుల్లీ. నోటీసు జీతం పెన్నీతో సహా చేతిలో పెట్టినా, తీసేయడానికి తగిన కారణం లేకపోతే, లేదా మీ మాట వినకుండానే తీర్పు చెప్పేస్తే, అది అన్‌ఫెయిర్లీ కావచ్చు. ఈ రెండో హక్కు 1971 నాటి చట్టంతో వచ్చింది. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులలో ఇప్పుడది 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్టులో ఉంది.

"డబ్బులిచ్చేశారుగా, ఇంకేం అడుగుతాం" అని ఊరుకునేవాళ్ళు మనలో ఉన్నారు. అడగవచ్చు. సాధారణంగా కొంతకాలం సర్వీసు ఉండాలి. గడువు కూడా నెలల్లోనే ముగుస్తుంది. అందుకని ఉత్తరం అందిన వారంలోనే ఏకాస్ సంస్థకు ఫోన్ చేయండి, సలహాకు రుసుము లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ రెండు మాటల్లో మీకు వర్తించేది ఏదో అడిగి తెలుసుకుని మరీ రాయండి. రెండూ వర్తిస్తే రెండూ రాయవచ్చు.

మీ ఇంట్లో పిల్లలు తొండిని ఏమంటున్నారో మాకు చెప్పండి. వచ్చే వారం మరో మాటతో కలుద్దాం. సెలవు.