బల్లికి పేరు పెట్టడమంటే



ఈనాటి ప్రసంగం బల్లుల గురించి. వ్యవసాయ ప్రసంగంలో బల్లులేమిటయ్యా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పంచాంగంలోని బల్లిపాటు ఫలితాలు చెప్పబోవటం లేదు లెండి. గట్టు మీద తల ఊపే తొండ, గోడ మీది బల్లి, పుట్టలో దూరే ఉడుము, ఆకుల కింద జరజర పాకే నలికండ్ల పాము, కొమ్మ మీది ఊసరవెల్లి, ఇవన్నీ ఒకే కుదురుకు చెందిన ప్రాణులు. వీటిలో ఇదివరకు లోకానికి తెలియని జాతి ఒకటి ఉన్నదని శాస్త్రజ్ఞులు ఎట్లా తేల్చుతారు, అందులో మన పని ఏమన్నా ఉన్నదా అన్నది ఈ పూట మనవి చేస్తాను.

పేరు సరిగా తెలియకపోతే ఏమవుతుందో మీకు అనుభవమే. 2018వ సంవత్సరం మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్న మీద కత్తెర పురుగు కనబడ్డది. ఆ ఏడే మన చేలకూ వచ్చింది. చూడగానే పాత లద్దె పురుగే గదా అనిపిస్తుంది. తల మీద తిరగబడ్డ 'వై' అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు చూస్తేగాని అది వేరే పురుగని తెలియదు. పురుగు పేరు తప్పితే మందూ తప్పుతుంది, డబ్బూ దండగ. బల్లి విషయంలో కూడా పద్ధతి అదే. కాకపోతే అక్కడ చూడవలసిన గుర్తులు ఇంకా సన్నవి.

ముందుగా ఇంటి తొండ సంగతే చూడండి. కొన్ని ఊళ్లలో దీన్నే ఊసరవెల్లి అంటారు, అసలు ఊసరవెల్లి వేరే ఉన్నది. అందుకే ఊరి పేర్లతో శాస్త్రం నడవదు, రెండు మాటల లాటిన్ పేరు పెట్టుకుంటారు. మన తొండకు 1802లో దోదేన్ అనే ఫ్రెంచి పండితుడు 'కలోటిస్ వెర్సికలర్' అని పేరు పెట్టాడు. రెండో మాటకు రంగులు మార్చేది అని అర్థం. అప్పటి నుంచి రెండు వందల ఏళ్లకు పైగా, పాకిస్తాన్ మొదలు బర్మా దాటి అవతల దాకా కనబడ్డ తొండకల్లా చాలామంది ఇదే పేరు వాడారు. 2021లో పరిశోధకులు దక్షిణాసియాలోని తొండలను తెప్పించి, కొలిచి, వంశద్రవ్యం కూడా పరీక్షించి చూస్తే అది ఒక జాతి కాదు, నాలుగు అని తేలింది. పాకిస్తాన్ వైపుది ఒకటి, గంగా మైదానంలో తూర్పు దిక్కుది ఒకటి, ఈశాన్యం నుంచి బర్మా వైపుది ఒకటి, మన దక్షిణాదిది ఒకటి. పాత పేరు మన తొండకే దక్కింది. దోదేన్ చూసిన మొదటి నమూనా ఎప్పుడో పోయింది గనుక, పుదుచ్చేరి నుంచి తెచ్చిన తొండను దాని స్థానంలో ప్రమాణంగా నిలిపారు. పిల్లలు రాళ్లు విసిరే ప్రాణికి ఇంత కథ ఉన్నది!

ప్రమాణం అన్నాను గదా, ఆ మాట ముఖ్యం. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక నమూనాను మ్యూజియంలో భద్రం చేసి, ఈ పేరు దీనిదే అని పత్రికలో ప్రకటించాలి. తూకానికి రాయి ఎట్లాగో పేరుకు ఆ నమూనా అట్లా. రేపు ఇంకెవరికైనా అనుమానం వస్తే మాటలతో వాదించుకోనక్కరలేదు, పోయి ఆ నమూనాతో పోల్చి చూసుకోవచ్చు.

ఇక కొలతలు. ముక్కు కొస నుంచి మలద్వారం దాకా కొలుస్తారు, తోకను విడిగా కొలుస్తారు. ఎందుకంటే బల్లి తోక తెగుతుంది, మళ్లీ మొలుస్తుంది, మొలిచింది పొట్టిగా ఉండవచ్చు. ఒంటి నడుమ చుట్టూ పొలుసులు ఎన్ని వరుసలు, వేళ్ల కింద పట్టు నిలిపే పట్టీలు ఎన్ని, మగదాని తొడల కింద సన్నని రంధ్రాలు ఎన్ని, అవి కలిసి ఉన్నవా విడివిడిగా ఉన్నవా, ఇవన్నీ భూతద్దం కింద లెక్క పెడతారు. ఓపిక కావాలి. మాబోటి డిప్లొమా చదివినవాళ్లకు పది బల్లుల పొలుసులు లెక్కపెట్టేసరికి కళ్లు తిరుగుతవి.

రంగును మాత్రం నమ్మరాదు. పిల్లకు ఒక రంగు, తల్లికి ఒక రంగు. జత కట్టే కాలంలో మగ తొండ గొంతు ఎర్రబడుతుంది. నమూనాను సారాయిలో వేస్తే ఉన్న రంగూ పోతుంది. పైగా వింతగా ఉన్నది ఒక్కటి దొరికినంత మాత్రాన కొత్త జాతి కాదు. విత్తనపు మడిలో కేళీలు ఏరే రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. గుంపులో ఒక దుబ్బు ఎత్తుగా లేచిందని దాన్ని కొత్త వంగడం అంటామా? గింజ, పూత తేదీ, ఎత్తు అన్నీ కలిసి వరుసగా వేరుగా రావాలి, తర్వాతి పంటలోనూ నిలవాలి. అందుకనే శాస్త్రజ్ఞులు చాలా బల్లులను చూస్తారు. ఒంటి గుర్తులూ వంశద్రవ్యమూ ఒకే మాట చెబితేనే ధైర్యంగా పేరు పెడతారు. ఈ రెండింటిలో ఒక్కదాన్నే పట్టుకొని పేర్లు పెట్టేవారూ లేకపోలేదు గాని, అట్లాంటి పేర్లు తరచు కొట్టివేయబడతవి.

ఇప్పుడు మన సొంత ఉదాహరణకు వస్తాను. తూర్పు కనుమలలో రాత్రిపూట తిరిగే బల్లి ఒకటి ఉన్నది. జానెడుకు అటూ ఇటూ ఉంటుంది. ముదురు గోధుమరంగు ఒంటి మీద పసుపుపచ్చ పట్టీలు, లావుపాటి తోక. గోడ బల్లికి కంటిరెప్ప ఉండదు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. దీనికి మాత్రం మనకు మల్లేనే రెప్పలు ఉన్నవి, మూస్తుంది, తెరుస్తుంది. గోడ బల్లి వేళ్లకుండే మెత్తలు దీనికి లేవు గనుక గోడ ఎక్కలేదు, నేల మీదనే నడుస్తుంది. దీన్ని చిరుత బల్లుల తెగ అంటారు.

ఈ తెగలో తూర్పు దిక్కు బల్లికి 1827లో గ్రే అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. మన కొండల బల్లినీ ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చారు. 2022లో జీషాన్ మీర్జా, జ్ఞానేశ్వర్ అనే ఇద్దరు పరిశోధకులు విశాఖపట్నం ప్రాంతపు బల్లిని పాతదానితో పోల్చి, వంశద్రవ్యమూ చూసి, ఇది వేరే జాతి అని ప్రకటించారు. 'యూబ్లెఫారిస్ పిక్టస్' అన్నారు, అంటే రంగులు దిద్దినది అని. ఒడిషాలోని బ్రాహ్మణీ నది ఈ రెంటికీ పొలిమేర వంటిది. నదికి దక్షిణాన ఉన్నది కొత్త పేరు బల్లి, అవతలిది పాత పేరు బల్లి. అంటే 195 ఏళ్లు మన కొండ బల్లి పరాయి పేరుతో బతికింది.

పేరు మారితే బల్లికేమి లాభం అంటారా? ఉన్నది. ఒకే జాతిగా లెక్కించినప్పుడు అది చాలా దూరం దాకా ఉన్నది గదా, ఇక్కడ నాలుగు పోతే ఏమిలే అనిపిస్తుంది. వేరే జాతి అని తేలినాక, దాని ఇల్లంతా ఆంధ్ర, ఒడిషాల కొండలూ చిట్టడవులే అని తెలిసింది. ఇక్కడ పోతే ఇంకెక్కడా దొరకదు. దానికి ఉన్న ముప్పు మనుషుల నుంచే. పట్టీలు చూసి విషపుది అని కర్రతో కొట్టేస్తారు. మనదేశంలో కరిచి మనిషి ప్రాణం తీసే విషపు బల్లి ఒక్కటీ లేదు. ఇది తినేది పురుగులనే. ఇక రెండో ముప్పు, ఈ తెగ బల్లులను పెంచుకోవటానికి డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నారు. అట్లాంటివారు ఊళ్లోకి వచ్చి ఆరా తీస్తే చెప్పవద్దు.

కాళ్లు లేని బల్లి ఇంకొకటి ఉన్నది. ఒడిషాలోని చిలక సరస్సులో బర్కుడా అనే దీవి ఉన్నది. అక్కడ దొరికినదానికి 1917లో అన్నండేల్ పండితుడు ఆ దీవి పేరే పెట్టాడు. ఆ తెగ బల్లి విశాఖ ప్రాంతంలోనూ ఉన్నది. మెత్తని మట్టిలో ఉంటుంది, తవ్వేటప్పుడు బయటపడితే పాము పిల్ల అనుకోవటం సహజం. పారతో నరికే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి.

విస్తరణ మిత్రులకు ఒక మాట. ఎవరైనా రైతు "వింత బల్లి కనబడ్డదండీ" అంటే కొట్టివేయకండి. పట్టి సీసాలో వేయమనీ చెప్పకండి. నమూనాలు తీయటానికి పరిశోధకులే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, ఉడుమును పట్టటం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం. సెల్‌ఫోనుతో ఫొటో తీస్తే చాలు. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి. కంటిరెప్ప, వేళ్లు, తోక మొదలు స్పష్టంగా కనబడాలి. పరిమాణం తెలియటానికి పక్కన అగ్గిపెట్టె పెట్టండి. తేదీ, పగలో రాత్రో, చేనా బంజరా కొండా, ఏ ఊరి పొలిమేర, ఇవి కాగితం మీద రాయండి. దాన్ని దగ్గరి కళాశాల జంతుశాస్త్ర శాఖకో, అటవీ అధికారులకో పంపండి. నలుగురూ చూసే చోట ఆ స్థలం వివరం పెట్టకండి, కొనేవాళ్లకు అదే దారి చూపుతుంది. వానలు మొదలైన తరువాత రాత్రి నీళ్లు కట్టటానికి చేనికి పోయేవారికి ఇట్లాంటివి ఎక్కువగా ఎదురవుతవి. లైటు చేతిలో ఉంటుంది గదా, కాలు పెట్టే చోటు చూసుకున్నట్టూ ఉంటుంది. సెలవు.