ఇల్లు లేనివానికి సాక్షి ఎవరు?

(కార్తిక మాస ప్రవచనాలలో భాగంగా గజపతినగరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్తికం దానాలకు ప్రసిద్ధమైన మాసం. దీపదానం, వస్త్రదానం, అన్నదానం మీరందరూ యథాశక్తి చేస్తూనే ఉన్నారు. వీటితోపాటు శాస్త్రములు మిక్కిలిగా కొనియాడిన దానం మరొకటి ఉన్నది. అది అభయదానం. దానికి ధనం అక్కరలేదు. భయపడుతున్నవాని పక్కన నిలిచి "నేనున్నాను" అనగలిగితే చాలు. ఆలయ మంటపంలో, బస్సు స్టాండు అరుగుల మీద, రైల్వే స్టేషనులో రాత్రివేళ తల వాల్చే నిరాశ్రయులకు ఆ దానం ఎట్లా చేయవలెనో ఈనాడు విన్నవిస్తాను.

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి కథ మీకు తెలిసినదే. ఆయన ఆశ్రమ ద్వారం వద్ద చెట్టు క్రింద మౌనవ్రతంతో తపస్సు చేసుకొంటున్నాడు. రాజభటులు తరుముతుండగా దొంగలు వచ్చి, సొత్తుతో సహా ఆ ఆశ్రమంలో దాగినారు. "దొంగలు ఎటు పోయినారు?" అని భటులు అడిగితే ముని బదులు పలుకలేదు. వెదికితే సొత్తు దొరికింది. మాట్లాడనివాడు దొంగలలో ఒకడే అనుకొన్నారు. రాజు విచారించకుండానే శూలానికి ఎక్కించమన్నాడు. తపోబలంచేత ఆయన ప్రాణం పోలేదు. నిజం తెలిసి రాజు కాళ్ల మీద పడి క్షమాపణ వేడినాడు. కాని శూలం ఊడి రాలేదు. కోసివేయగా దాని మొన ఆయన శరీరంలోనే మిగిలిపోయింది. అందుకే ఆయన అణిమాండవ్యుడైనాడు.

ఈ కథలో రెండు ధర్మసూక్ష్మములు గమనించండి. తన తరఫున మాట్లాడేవారు లేనివాని మౌనం లోకానికి నేరంగా కనబడుతుంది. ఇది మొదటిది. అన్యాయంగా పడిన శిక్షకు క్షమాపణ చెప్పినా దాని మొన లోపల మిగిలే ఉంటుంది. ఇది రెండవది. ఆ తరువాత ముని ఊరుకొనలేదు. నేరుగా యమధర్మరాజు వద్దకే పోయి "నేను చేసిన పాపమేమి?" అని నిలదీసినాడు. బాల్యంలో పురుగులను పుల్లతో గ్రుచ్చిన దోషమని యముడు చెప్పగా, చిన్న తప్పుకు ఇంత పెద్ద దండన అధర్మమని శపించినాడు. ఆ శాపం వల్లనే యముడు విదురుడై జన్మించినాడు. దండించేవాడు సాక్షాత్తు ధర్మదేవతే అయినా, కారణం చెప్పవలసినదే. కారణం అడగడం అధికారాన్ని అవమానించడం కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రం కూడా ఇదే చెప్పింది. నగర రక్షణను వివరించిన అధ్యాయంలో, సత్రం నిర్వహించేవాడు తన వద్దకు వచ్చిన బాటసారుల సంగతి అధికారికి తెలియజేయాలన్న నియమం ఉన్నది. అదే అధ్యాయంలో, ఆపకూడనివానిని ఆపినా, ఆపవలసినవానిని విడిచినా కావలివారికి దండన విధించినాడు. స్త్రీల పట్ల తప్పుగా ప్రవర్తించిన కావలివానికి మరింత కఠినమైన శిక్షలు చెప్పినాడు. బాలులను, వృద్ధులను, ఆపన్నులను, అనాథలను పోషించడం రాజు విధి అన్నాడు. కావలి కాసేవారిపై కూడా ఒక కన్ను ఉండవలెనన్నది మన పూర్వుల మతమే. పరదేశం నుండి తెచ్చుకొన్న భావన కాదు.

ఆ కన్ను మూసుకొన్నప్పుడు ఏమి జరిగిందో మన తెలుగునాటి చరిత్రలోనే చూడవచ్చును. ఆంగ్లేయుల కాలంలో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసినారు. సంచారజీవనం సాగించే కులాలకు కులాలనే పుట్టుకతో దొంగలన్నారు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం అట్లా ఏర్పడిన ఆవాసమే. ఊరు దాటాలంటే అనుమతి, పోలీసుల ముందు హాజరు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా, ఆ ముద్ర మాత్రం చెరగలేదు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊరికి పోయి, ఆ కుటుంబాల నడుమ ఏళ్ల తరబడి సంస్కరణ కృషి చేసినారు. చట్టం ఒక్క సంతకంతో రద్దవుతుంది. అనుమానం పోవడానికి మాత్రం మనుషులు వెళ్లి పక్కన కూర్చోవలసివచ్చింది.

ఇది గతమని ఊరట పడలేము. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వెలువడింది. వీధులలోని భిక్షకులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలలోని ఆశ్రయాలకు తరలించినారు. అక్కడ అన్నం పెట్టినారు, పడక ఇచ్చినారు, కాదనను. కాని అతిథులు వస్తున్నారని ఇంటిలోని దీనుని పెరటిలో దాచడం గృహస్థధర్మమగునా? మరుసటి ఏడు మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వ్యాపించినవి. తెలుగునాట పలుచోట్ల కొత్తవారిని, మతిస్థిమితం లేనివారిని జనం పట్టి కొట్టినారు. హైదరాబాదులో భిక్షకు వచ్చిన ఒక హిజ్రా ప్రాణం కోల్పోయినది. అక్కడ శూలం ఎక్కించినది రాజభటులు కాదు, మనవంటి గృహస్థులే. కనుక పోలీసులపై కన్ను వేయకముందు మనపై మనం కన్ను వేసుకొనవలెను. ఉత్సవానికి ముందు "మంటపం ఖాళీ చేయించండి" అని స్టేషనుకు ఫోను చేసేది సాధారణంగా మనమే కదా!

ఇక మన ఊరి సంగతి. పట్టణాలలో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం ఉండవలెనన్నది ప్రభుత్వ ప్రమాణం. విశాఖపట్నం వంటి నగరాలకు ఆ లెక్క వర్తిస్తుంది. మన గజపతినగరం వంటి ఊళ్లు ఆ లెక్కలోకి రావు. ఇక్కడ దేవుని అరుగే ఆశ్రయం. అందుచేత బాధ్యత కూడా దేవుని పేర దానం చేసే మనదే.

చట్టం మనకొక స్థానం కేటాయించి ఉంచినది. అది చాలామందికి తెలియదు. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ విభాగంలో ఉన్నది ఇదే: ఎవరినైనా అరెస్టు చేసినప్పుడు ఒక పత్రం వ్రాయవలెను. దానిపై కుటుంబసభ్యుడు గాని, ఆ ప్రాంతంలోని గౌరవనీయుడైన వ్యక్తి గాని సాక్షిగా సంతకం చేయవలెను. ఇల్లు లేనివానికి కుటుంబం పక్కన ఉండదు. ఇక మిగిలినది ఆ రెండవ సాక్షి. ఆ గౌరవనీయుడు ఎవరు? ప్రతి పండుగకు వేదికపై శాలువా కప్పించుకొనే మనమే!

అందుకు ధర్మకర్తలకు, దాతలకు నాలుగు మనవులు చేస్తున్నాను.

మొదటిది, అన్నం వడ్డించేటప్పుడు పేరు అడగండి. ఏ ఊరు, ఎవరున్నారు, ఏ మందు వాడుతున్నారు అని ఆప్యాయంగా తెలుసుకొని, వారికి ఇష్టమైతేనే ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. పేరు తెలిసినవాడు మాయమైతే అడిగేవారుంటారు.

రెండవది, ఎవరినైనా పోలీసులు తీసుకొనిపోతే, ఇద్దరు పెద్దలు స్టేషనుకు వెళ్లి మర్యాదగా కారణం అడగండి. అరెస్టయితే ఇరవైనాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవలెనని రాజ్యాంగమే చెప్పినది. గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసును కూడా వెంట రమ్మని కోరవచ్చును.

మూడవది, మతిస్థిమితం లేక తిరిగేవారి విషయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ విభాగం ప్రకారం అటువంటివారిని రక్షణలోకి తీసుకొని, ఇరవైనాలుగు గంటలలోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చడం పోలీసుల విధి. ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో గాని జైలులో గాని ఉంచరాదు. మన ప్రాంతం వారికి విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. వాహనం ఖర్చు ఒక దాత భరిస్తే అది నూరుమందికి అన్నం పెట్టినంత పుణ్యం.

నాలుగవది, అన్యాయం జరిగిందని తోస్తే కేకలు వేయకండి, కాగితం వ్రాయండి. తేదీ, వేళ, స్థలం, చూచినవారి పేర్లు వ్రాసి జిల్లా ఎస్పీ కార్యాలయంలో సోమవారం అర్జీ ఇవ్వండి. పోలీసులపై ఫిర్యాదులు విచారించుటకు రాష్ట్రంలోను, ప్రతి జిల్లాలోను ఒక ప్రాధికార సంస్థ ఉండవలెనని, జిల్లా సంస్థకు విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షత వహించవలెనని 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినది. అది మన జిల్లాలో ఎట్లా నడుస్తున్నదని అడిగే హక్కు మనకున్నది.

పోలీసు సోదరులను నిందించుట నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి తప్పిపోయిన ముసలివారిని ఇంటికి చేర్చేది, దిక్కులేని శవానికి పంచనామా చేసి దహనం చేయించేది వారే. మంచి కానిస్టేబుల్‌కు మనవంటి సాక్షి అడ్డు కాదు, అండ. చెడ్డవానికి మాత్రమే అడ్డు.

మనం అర్చించే పరమేశ్వరుడు ఆదిభిక్షువు. కపాలం పట్టి ఇల్లిల్లూ తిరిగినవాడు, శ్మశానంలో నివసించేవాడు. ఆయన ఈ రాత్రి మన మంటపంలో వచ్చి పడుకొంటే, "ఎవడురా నీవు?" అని లాఠీ తాకినప్పుడు, "ఆయనను మేమెరుగుదుము" అని చెప్పేవారు ఒక్కరైనా ఉండవలెను. ఈ కార్తికంలో వెలిగించే దీపాలతోపాటు ఆ ఒక్క మాట కూడా దానం చేయండి.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.