పసిపిల్లల మాటలు - మన ఇండ్ల దిగులు
(మాహూర్ కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



సొసైటీ సెక్రటరీ మైకు పట్టుకుంటే నూలు ధర, రిబేటు బాకీ, కూలి రేటు తప్ప ఇంకేం చెప్తడు అనుకుంటరు. ఈసారి అవి పక్కన పెడుతున్నాము. కూలి లెక్క రాయించుకోను వచ్చిన ఆడబిడ్డలు లెక్క అయినంక కూడా లేవరు. కొంచెం సేపు ఊకుండి, "పెద్దబాపు, మా పిల్లగానికి రెండేండ్లు నిండినై, ఇంక మాట రాలే" అంటరు. ఇంకొకామె, "మా బిడ్డ ఏదడిగినా అదే మాట తిరిగి అంటది, ఏమన్న రోగమా?" అంటది. ఇట్ల అడిగేటోళ్ళు ప్రతి ఏడాది ఉంటరు. మేము ఎనిమిదో తరగతి చదివినోళ్ళం, డాక్టర్లం కాము. డాక్టర్లను, అంగన్‌వాడీ తాయిలను అడిగి తెలుసుకున్న సంగతులు మన భాషలో మన ముంగట పెడుతున్నాము.

ముందుగా, భయపడవలసిన పని లేనివి చెప్పుకుందాము.

పిల్లలు అక్కను "అత్త" అంటరు. కాకిని "తాతి" అంటరు. రాముడు "లాముడు" అయితడు. నోట్లో వెనుక భాగాన పుట్టే 'క' కన్న పండ్ల దగ్గర పుట్టే 'త' పసివాళ్ళకు సులువు. 'ర' తిరగాలంటే నాలుగైదేండ్లు కూడా పట్టవచ్చు. ఇది నాలుక మందం కాదు. రెండేండ్ల పిల్లల మాట బయటివాళ్ళకు సగం అర్థమైతే చాలు. మూడేండ్లకు ముప్పావు వంతు, నాలుగేండ్లకు దాదాపు అంతా అర్థం కావాలి.

కొందరు తమను తాము పేరు పెట్టి చెప్పుకుంటరు. "బుజ్జికి బువ్వ కావాలె" అంటరు, "నాకు" అనరు. మరి మనమే కదా పొద్దటి నుంచి "బుజ్జి బువ్వ తింటదా, బుజ్జి బజ్జుంటదా" అంటున్నాము! నేను, నువ్వు అనేవి మాట్లాడే మనిషిని బట్టి మారే మాటలు. అమ్మ "నేను" అంటే అమ్మ, బుజ్జి "నేను" అంటే బుజ్జి. ఈ కిటుకు పట్టుబడను మూడేండ్ల దాకా టైము పడుతది. "పాలు తాగుతవా?" అంటే "పాలు తాగుతవా" అని తిరిగి అనుడు కూడ రెండు, రెండున్నర ఏండ్ల వరకు మాట నేర్చుకునే పద్ధతిలోనిదే. ఒక్కతే కూర్చుండి బొమ్మతో ముచ్చట పెట్టే పిల్లను చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించే పని లేదు. పిల్లలు ఆలోచన చేసేది అట్లనే, పైకి మాట్లాడుకుంట.

రెండో సంగతి, మూడు భాషల గొడవ. మన మాహూర్, కిన్వట్ పక్క పిల్లలకు ఇంట్ల తెలుగు, గల్లీలో మరాఠీ, బజార్ల హిందీ, పక్కింట్ల బంజారా మాట. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండె. ఆ తరువాత బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. రాష్ట్రాలు మారినా మన ఇంటి భాష మారలేదు. పిల్ల "ఆయీ, పాణీ కావాలె, పాలు నకో" అంటే ఒక్క వాక్యంలో రెండు భాషలు వచ్చినై. చూసి కొందరు చదువుకున్నోళ్ళే, "ఇన్ని భాషలతోనే మాట ఆలస్యమైతున్నది, తెలుగు మానేసి మరాఠీ ఒక్కటే నేర్పుండ్రి" అని సలహా ఇస్తరు. అది సరి కాదు. రెండు మూడు భాషలు వినుడు వల్ల మాట జబ్బు రాదని ఈ శాస్త్రం చదివినోళ్ళు తేల్చి చెప్పినరు. లెక్క ఎట్ల చూడాలంటే, తెలుగులో ఇరవై మాటలు, మరాఠీలో ఇరవై, హిందీలో పది వస్తే ఆ పిల్లకు యాభై మాటలు వచ్చినట్టు. ఒక్క భాష మాటలే లెక్కపెడితే పిల్లకు అన్యాయం చేసినట్టు. పైగా తల్లికి సరిగ్గ రాని భాషలో పిల్లతో మాట్లాడితే ముద్దు మాట పోతది, కథ పోతది, రెండు ముక్కల ఆజ్ఞలే మిగులుతై. నాయనమ్మతో తెలుగులో మాట్లాడే పిల్ల బడికి పోయినంక మరాఠీ దానంతట అదే పట్టుకుంటది.

మూడోది, తడబాటు. "న న న నాకు" అని మొదటి అక్షరం పట్టుకుని సాగదీసుడు రెండేండ్ల నుంచి అయిదేండ్ల లోపల కొందరిలో కనబడుతది. నూటికి అయిదుగురు పిల్లలకు ఏదో ఒక కాలంలో నత్తి వస్తది, అందులో ఎక్కువమందికి దానంతట అదే పోతది. మనం చెయ్యకూడనిది ఏందంటే, "మెల్లగ చెప్పు, సరిగ్గ చెప్పు" అని నడుమ ఆపవద్దు, వాళ్ళ మాటను మనం పూర్తి చెయ్యవద్దు, చుట్టాల ముంగట "మళ్ళొకసారి అను" అని నవ్వవద్దు, నత్తోడు అని పేరు పెట్టవద్దు. ఇంట్ల పెద్దలకు నత్తి ఉన్నా, ఆరు నెలలు దాటినా తగ్గకున్నా, మాట కోసం కండ్లు మూసి మూతి వంకర పెట్టి కష్టపడుతున్నా డాక్టరుకు చూపించాలె.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. దయచేసి తల్లులు ఇది మనసులో పెట్టుకోవాలె. ఏడాది నిండినా "బబ్బబ్బ, తత్తత్త" అని కూతలు పెట్టకున్నా, వేలుతో చూపించకున్నా, టాటా ఊపకున్నా. పదహారు నెలలకు ఒక్క మాట రాకున్నా. రెండేండ్లకు "అమ్మ రా, పాలు ఇయ్యి" అని రెండు మాటలు సొంతంగ కలపకున్నా. పేరు పెట్టి పిలిస్తే మల్లి చూడకున్నా. అన్నిటికన్న ముఖ్యంగా, వచ్చిన మాటలు పోయినా, అది ఏ వయసులోనైనా సరే, ఆగవద్దు. "వాళ్ళ నాయిన కూడ అయిదేండ్లకు మాట్లాడిండు" అనే మాట మన ఇండ్లలో చాలా నష్టం చేసింది. మగ్గం మీద పోగు తెగితే మనం ఏం చేస్తము? నాడె ఆపి అతుకుతము. చూసి చూడనట్టు నేసుకుంట పోతే గజం పొడుగునా బట్టలో సందు కనబడుతది. పిల్లల మాట కూడ అంతే, అతికే టైము మొదట్లనే.

మొదటి పరీక్ష చెవికి. చెవి వినకుంటే మాట ఎట్ల వస్తది? మా సొసైటీ సభ్యుడి ఇంట్లోనే ఒక పిల్లగాడు మగ్గం చప్పుడుకు తల తిప్పుతుండె. అందుకే చెవులు మంచిగనే ఉన్నయని ఇంటోళ్ళు అనుకున్నరు. ఆ పిల్లగాడు విన్నది చప్పుడు కాదు, పలక దెబ్బకు నేల అదిరితే ఆ అదురు తగిలి తిరిగిండు. నాలుగేండ్లు దాటినంకనే సంగతి బయట పడ్డది. కాబట్టి చప్పట్లు కొట్టి చూసుకునుడు పరీక్ష కాదు. పసిపిల్లలు నిద్రలో ఉండంగనే చెవి వినికిడి చూసే మిషన్లు ఉన్నయి, నొప్పి ఉండదు. చెవిలో చీము కారుతుంటే నూనె పోయవద్దు, దవాఖానకు పోవాలె.

ఎక్కడికి పోవాలె? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బండి ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలె. ఆ రోజు పిల్లను మగ్గం కాడ ఉంచుకోకుండ తోలుకపోండ్రి, అడిగి చూపించుండ్రి. వాళ్ళు రాసిస్తే జిల్లా కేంద్రంలో పరీక్షలు ఉచితం. నాందేడ్‌లో డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ సర్కారు మెడికల్ కాలేజీ ఉన్నది, ఇటు ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నది. పెద్ద సంస్థ కావాలంటే ముంబైలో 1983లో పెట్టిన అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నది, దాని శాఖ సికింద్రాబాద్‌లో ఉన్నది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. పుట్టు చెవుడు పిల్లలకు లోపలి చెవిలో మిషన్ పెట్టే ఆపరేషన్‌కు కేంద్ర సర్కారు అడిప్ పథకం ఉన్నది, గాని అది అయిదేండ్ల లోపు పిల్లలకు. అందుకే ఆలస్యం వద్దంటున్నాము. ఆపరేషన్ అయినంక కూడ ఏండ్లు మాట నేర్పాలె, అది తల్లిదండ్రుల పని.

నాటు వైద్యం సంగతి. ఎక్కువ మాట్లాడేటోళ్ళను వసపిట్ట అంటము. మరాఠీలో వేఖండ్ అనే ఆ వసకొమ్మును అరగదీసి తేనెలో నాకిస్తే మాట వస్తదని నమ్మకం. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదమని డాక్టర్లు చెప్తున్నరు. వసలో కూడ హాని చేసే పదార్థం ఉన్నదని అమెరికాలో 1968లోనే తినే వాటిలో కలపకుండ ఆపినరు. అమ్మవారి తాంబూలం ప్రసాదం పెద్దలు కండ్లకు అద్దుకుని తినుండ్రి, పసివాళ్ళ గొంతులో పెట్టవద్దు. మొక్కు మొక్కుకోండ్రి, గట్టు ఎక్కుండ్రి, మేము కాదనము. దిగినంక దవాఖానకు కూడ పోండ్రి.

ఇంట్ల చేసేది పైస ఖర్చు లేని పని. మగ్గం పక్కన తొట్లె కట్టి, తల్లి కండెలు చుడుతుంటే, పిల్లకు రోజంతా చప్పుడే గాని మాట వినబడదు. ఏడిస్తే ఫోను చేతిల పెడుతున్నరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాది లోపు ఫోను, టీవీ అసలే వద్దు, రెండు నుంచి నాలుగేండ్ల దాకా గంట మించవద్దు. ఫోను మాట్లాడుతది గాని పిల్ల మాటకు జవాబు చెప్పదు. పొద్దున అరగంట, మాపటికి అరగంట మగ్గం ఆపి, ఎదురుగ కూర్చుండి ముచ్చట పెట్టుండ్రి. "ఇది ఎర్ర నూలు, ఇది నాడె, తాత వచ్చిండు" చాలు. పిల్ల "తాతి" అంటే తప్పని దిద్దవద్దు, "అవు, కాకి, నల్ల కాకి" అని మనం సరిగ్గ అని చూపిస్తే చాలు. నాయినలు కూడ చెయ్యాలె, ఇది ఆడోళ్ళ పని అని తప్పించుకోవద్దు.

ఆఖరుకు ఫెడరేషన్‌కు ఒక విన్నపం. ప్రతి సొసైటీలో కూలి రిజిస్టర్ పక్కన అయిదేండ్ల లోపు పిల్లల పేర్ల రిజిస్టర్ ఒకటి పెట్టుండ్రి. పరీక్ష అయిందా లేదా అని ఆరు నెలలకు ఒకసారి రాసుకోండ్రి. దవాఖానకు పోయే రోజు కూలి పోతదని ఏ తల్లి ఆగకుండ, ఆ రోజు కూలి సొసైటీ నిధి నుంచి ఇచ్చే తీర్మానం ఈ ఏడాదే చెయ్యాలని కోరుతున్నాము.