పొట్టి గొట్టపు రైఫిలు - దానికి తగిన తూటా



పొట్టి గొట్టముగల వేటరైఫిలునకు ఎట్టి తూటాలు కొనవలెనను ప్రశ్న చూచుటకు చిన్నది. ఇరువదినాలుగేండ్ల వయసున నేను దానికి తప్పు సమాధానము చెప్పుకొంటిని. ఆ తప్పునకు ఫలము నేను గాక మఱియొకడు అనుభవించెను. అందుచేతనే నేడు ఈ విషయమును గూర్చి మాటలాడ నంగీకరించితిని.

మొదట చట్టము సంగతి చెప్పవలెను. మన దేశమున నేడు వేట వినోదము కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. అడవిపంది మనుష్యులకో పైరునకో అపాయకరమైనప్పుడు కూడ, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన యుద్యోగి గాని కారణములు చూపి వ్రాతమూలకముగా అనుమతి నిచ్చిననే దానిని చంపవచ్చును. అట్టి అనుమతి వచ్చినపుడు, ఎవరిని పిలువవలెను, ఆతని చేతి సాధన మెట్టిది అని విచారించువారు మీవంటి పెద్దలే. కావున ఈ జ్ఞానము తుపాకి పట్టని పెద్దలకు సైతము అవసరమే.

1968వ సంవత్సరమున జరిగిన సంగతి చెప్పెదను. మా మేనమామకు లైసెన్సుగల రైఫిలొకటి యుండెను. దాని తూటా పేరు .30-06. అంగుళమును నూరు పాళ్లు చేసిన అందు ముప్పది పాళ్లు గొట్టపు రంధ్రము. ఆ తూటా అమెరికా సైన్యమున ప్రవేశించినది 1906లో. ఈ రెండును కలిసి ఆ పేరైనది. సాధారణముగా అట్టి రైఫిలునకు 22 లేక 24 అంగుళముల గొట్టముండును. మా మామదానికి 20 అంగుళములే. పొదలలో త్రిప్పుటకు, మంచెమీద పట్టుకొనుటకు అది మిక్కిలి అనుకూలము.

తూటాలు తెమ్మని మామ నన్ను పట్టణమునకు పంపెను. దుకాణదారుడు రెండు పెట్టెలు నా యెదుట పెట్టెను. ఒకదానిలోని గుండు బరువు 180 గ్రెయిన్లు, వేగము సెకండుకు 2,700 అడుగులు. రెండవదానిలోని గుండు 110 గ్రెయిన్లు, వేగము 3,300 అడుగులకు పైగా. 180 గ్రెయిన్లనగా సరిగా మన పాత తులము. 110 అనగా అరతులమునకు కొంచెము ఎక్కువ. పొట్టి గొట్టము వేగమును తగ్గించునని నేను వినియుంటిని. తగ్గినదానిని పూరించుటకు పెద్ద అంకెగల పెట్టెయే మేలని తలచి రెండవదానిని కొంటిని. ఆ పెట్టె చిన్న జంతువులకై చేసినదని తెలిసికొను ఓపిక నాకు లేకపోయెను.

నాటి సంధ్యవేళ వేరుసెనగ చేనిలోనికి పెద్ద మగపంది దిగెను. ముప్పది గజముల దూరమున దాని భుజముపై గురిచూచి కాల్చితిని. గొట్టపు చివర మంట భగ్గున లేచెను. నా కన్నులు చీకట్లు క్రమ్మెను. పంది పొదలలోనికి దూసికొనిపోయిన చప్పుడు వినబడెనేగాని, అది ఎటు పోయినదో కనుపించలేదు. రెండవ గుండునకు అవకాశము లేకపోయెను.

తెల్లవారిన పిమ్మట నెత్తురుజాడ పట్టి వెదకుచు మామయు, నేనును, మా పాలేరును పోయితిమి. తుమ్మపొదలోనుండి పంది ఒక్కుమ్మడిని వెలువడి పాలేరు తొడను కోరతో చీల్చెను. మామ అప్పుడే దానిని కాల్చి పడవేసెను. పిదప కోసి చూడగా, మగపందికి భుజముపై డాలువలె నుండు దళసరి పొరలో నా గుండు సెనగపొట్టువలె ముక్కలైయుండెను. ఊపిరితిత్తులవఱకు ఏదియు చేరలేదు. మామ నన్ను కోపించలేదు. "అల్లుడా, నీవు పెట్టెమీది అంకెను చూచి కొంటివి, పందిని తలచుకొని కొనలేదు" అని మాత్రము అనెను. పాలేరు బ్రదికెను గాని, జీవితాంతము కుంటుచునే నడచెను.

ఇక కారణములను విచారింతము. తూటాలో నాలుగు భాగములు: ఇత్తడి గుల్ల, దాని అడుగున క్యాపు, లోపల మందు, మూతిని గుండు. క్యాపు పేలగా మందు మండి వాయువగును. ఆ వాయువు గుండును తోయును. గొట్టములోని మొదటి కొద్ది అంగుళములలోనే ఒత్తిడి శిఖరమునకు చేరి, పిమ్మట తగ్గుచు వచ్చును. గుండు తన వేగములో అధికభాగమును గొట్టపు పూర్వభాగముననే సంపాదించును. చివరి అంగుళములు చేర్చునది స్వల్పము. అందుచేత .30-06 వంటి తూటాకు గొట్టము ఒక అంగుళము తగ్గిన సెకండుకు సుమారు 20 మొదలు 30 అడుగుల వేగమే తగ్గును.

పెట్టెమీది వేగము సాధారణముగా 24 అంగుళముల పరీక్షగొట్టమున కొలిచినది. మా మామ రైఫిలు దానికంటె నాలుగంగుళములు పొట్టి. అనగా నష్టము 80 మొదలు 120 అడుగులు. తులపు గుండు 2,700కు బదులు 2,600 అడుగుల వేగమున పోవును. నూటికి నాలుగు పాళ్ల లోపము. నూరు గజములకు గురి సరిచేసిన రైఫిలులో, ఈ లోపముచే గుండు రెండువందల గజములకడ అధికముగా క్రుంగునది సుమారు అర అంగుళము. ముప్పది గజముల దూరమున నున్న పంది ఈ భేదము నెఱుగదు. నేను భయపడిన నష్టము ఇంతటిదే. దానిని పూరింపబోయి గుండు బలమును పోగొట్టుకొంటిని.

పొట్టి గొట్టపు నిజమైన బాధ వేరు. మండుట పూర్తికాని మందును, వేడి వాయువును గొట్టము దాటి బయటి గాలితో కలిసి మంటయగును, చప్పుడును హెచ్చును. ఆంగ్లేయులు 1944లో అడవి యుద్ధములకై .303 రైఫిలును పొట్టిచేసి, ఐదవ నంబరు రైఫిలను పేర దానిని తయారు చేసిరి. దాని గొట్టము దాదాపు 19 అంగుళములు. ఆ మంటను మఱుగుపఱచుటకు గొట్టము చివర గరాటువంటి కప్పు బిగించవలసివచ్చెను. తేలికయైనందున భుజమునకు తన్నుడును హెచ్చెను. దాని తయారీ 1947లో ఆగిపోయెను.

మఱి మొదటినుండియు పొట్టి గొట్టమునకు ఒద్దికైన తూటా లేదా? కలదు. అమెరికాలో 1895లో వెలువడిన .30-30 అట్టిది. అక్కడి అడవులలో 20 అంగుళముల గొట్టముతో జింకలవేటకు అది నేటికిని వాడుకలో నున్నది. 150 గ్రెయిన్ల గుండునకు సుమారు 2,390 అడుగులు, 170 గ్రెయిన్ల గుండునకు సుమారు 2,200 అడుగులు దాని పెట్టెలమీది వేగములు. మందు కొలత తక్కువగుటచే మంటయు, తన్నుడును తక్కువ. అయితే దానియందొక జాగ్రత్త కలదు. ఆ రైఫిళ్లలో పెక్కింటికి తూటాలు గొట్టము క్రింది నాళములో ఒకదాని వెనుక నొకటి వరుసగా నుండును. గుండు మొన వాడియైనచో ముందున్న తూటా క్యాపునకు తగిలి ప్రమాదము కలుగవచ్చును. అందుచేత వానికి బల్లపరుపు మొనగల గుండ్లు, లేదా అట్టి నాళమునకై ప్రత్యేకముగా చేసిన మెత్తని మొనగల గుండ్లు మాత్రమే తగును.

గొట్టము పొట్టియైన గురి చెడునను భయము కూడ సరికాదు. పొట్టి గొట్టము బిఱుసుగా నుండుటచే గుండ్లను ఒకచోటనే వేయగలదు. కాని ముందు గురికిని వెనుక గురికిని ఎడము తగ్గును గనుక కంటి పొరపాటు కొంచెము హెచ్చును.

కొనువారు పాటింపవలసిన క్రమము చెప్పెదను. మొదట గొట్టముపై చెక్కిన తూటా పేరును చదువవలెను. పెట్టెమీది పేరు దానికి అక్షరము తప్పక సరిపోవలెను. ఒక్క అంకె తేడా యున్నను కొనరాదు. .30 అని రెండింటిపై నున్నంతమాత్రమున .30-06యు, .30-30యు ఒకటి కావు.

రెండవది గుండు నిర్మాణము. పందివంటి గట్టి జంతువునకు పలుచని రాగితొడుగుగల తేలిక గుండు పనికిరాదు. నిండు తొడుగుగల సైనికపు గుండు విచ్చుకొనక సూదివలె దూరిపోవును; జంతువు గాయముతో పరుగెత్తును. సీసము తొడుగునకు గట్టిగా అంటియుండి, విచ్చుకొనియు ముక్కలుగాని మధ్యమపు బరువు గుండు కావలెను; .30-06నకు 165 మొదలు 180 గ్రెయిన్లు. పెట్టెమీద ఏ జంతువులకై చేసినదో తయారీదారు వ్రాసియున్న అది చదువవలెను.

మూడవది పరీక్ష. రెండు మూడు రకములను కొద్దికొద్దిగా కొని, అనుమతిగల గురిమైదానమున 50 గజములకడను, 100 గజములకడను మూడేసి గుండ్లు కాల్చి చూడవలెను. ఏ రకము దగ్గరదగ్గరగా పడి, కంటికి తక్కువ మంట చూపునో దానిని ఎన్నుకొనవలెను. పిదప పెట్టెమీది తయారీ గుంపు నంబరు చూచి, ఒకే నంబరుగల వానిని లైసెన్సులో వ్రాసిన సంఖ్యకు మించకుండ కొనవలెను. ఎండ తగులని పొడిచోట తాళము వేసి దాచవలెను.

ఇంకొక హెచ్చరిక. పొట్టి రైఫిలు బాగున్నదని విని, ఇంటనున్న పొడవు తుపాకి గొట్టమును ఊరి కమ్మరిచే కోయింపబోకుడు. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము ఆఱవ సెక్షను ప్రకారము, ప్రత్యేకమైన లైసెన్సు లేక గొట్టమును కుదించుట నేరము. కోసిన మూతి సమముగా లేనిచో గుండు ప్రక్కకు పోవును.

మీ గ్రామమునకు పందిని చంపుటకు అనుమతి వచ్చి, ఎవరైనను పొట్టి రైఫిలుతో వచ్చినయెడల, ఆతనిని మూడు ప్రశ్నలు వేయుడు: ఈ గుండు ఏ జంతువునకై చేసినది? ఈ రైఫిలులోనే దీనిని కాల్చి చూచితివా? మసకవేళ కాల్చిన పిమ్మట నీకు జంతువు కనబడునా? సమాధానము తడబడినచో ఆతనిని మర్యాదగా వెనుకకు పంపుడు. గాయపడిన పందిని మఱునాటి యుదయమున వెదకబోవువాడు తుపాకి పట్టినవాడొక్కడే కాడు. వాని వెంట కఱ్ఱ మాత్రము చేతబట్టి నడచు కూలివాడును ఉండును.